పెళ్ళిపందిట్లో ఔత్సాహికుడి కెమెరా: క్రతువు, కాంతి, హక్కులు

తెలుగునాట పెళ్ళి ఫొటోగ్రఫీ మీద జరిగే చర్చలో ఎక్కువ భాగం ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు మేలు అనే రెండు ప్రశ్నల దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వృత్తిగా కాక ఇష్టంకొద్దీ ఫొటోలు తీసే ఔత్సాహికులు పెళ్ళిపందిట్లోకి ఏ దారిన వస్తున్నారు, వచ్చినవారు ఏమి తీయగలరు, ఏమి వదిలేయాలి, తీసినవాటిపై ఎవరికి హక్కు ఉంటుంది అన్న ప్రశ్నలు ఆ సందడిలో వెనక్కి పోతాయి. వీటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒకటుంది: క్రతుక్రమం తెలియకపోవడం, బంధువర్గంలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకపోవడం అనేవి ఎంత ఖరీదైన పరికరమూ సరిదిద్దలేని లోపాలు. ఈ రెండు ఎరుకలూ పెంపకంలోనే అబ్బినవాడు కనుక ఇంటిమనిషైన ఔత్సాహికుడికి, డబ్బిచ్చి పిలిపించిన నిపుణుడి మీద కొంత పైచేయి ఉంటుంది. ఆ పైచేయి ఎంతవరకు, ఎక్కడ అది అక్కరకు రాదు అన్నదే ఈ సమీక్షకు విషయం.

ఔత్సాహికుడికి పిలుపు రావడానికి మొదటి కారణం పంచాంగం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి మాసాల్లో సాధారణంగా పెళ్ళిళ్ళు చేయరు. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా చేరి కంటికి కనిపించని రోజులను మూఢమంటారు, ఆ రోజులూ పనికిరావు. మిగిలినవాటిలో తిథి, నక్షత్రం, లగ్నం అన్నీ కుదిరిన ముహూర్తాలు కొన్నే కావడంతో, మాఘ ఫాల్గుణాల్లోను, వైశాఖంలోను, శ్రావణంలోను ఒకే పట్టణంలో ఒకే రాత్రి ఎన్నో పెళ్ళిళ్ళు పడతాయి. అటువంటి రాత్రి ఊళ్ళోని స్టూడియోలన్నీ కలిసినా చాలవు గనుక, పెద్ద స్టూడియో తన మనుషులను నాలుగు మండపాలకు పంచి, తక్కువైన చోట నిన్నమొన్న కెమెరా పట్టినవారిని రోజుకింతని మాట్లాడుకొని తెచ్చుకుంటుంది. ఆ ఖర్చు భరించలేని కుటుంబం మేనల్లుడినో, ఎదురింటి ఇంజనీరింగు విద్యార్థినో అడుగుతుంది. ఈ రెండూ కాక మూడో దారి కూడా ఉంది. ఏ బాధ్యతా నెత్తిన వేసుకోకుండా అతిథిగా వెళ్ళి, మెడలో కెమెరాతో తన ఇష్టం వచ్చినట్లు తిరగడం ఆ దారి. నేర్చుకునేవాడికి మూడోదే అన్నిటికన్నా మేలైనది, సహాయకుడిగా వెళ్ళడం దాని తర్వాతది. ఒంటరిగా పెళ్ళి మొత్తాన్ని ఒప్పుకోవడం మాత్రం, ఎంత దగ్గరి బంధువు అడిగినా, మొదటి ఏడాదిలో చేయదగిన పని కాదు. ఎందుకంటే ముహూర్త క్షణం కొద్ది సెకన్లలో ముగుస్తుంది, ఫొటో సరిగా రాలేదని దాన్ని మళ్ళీ జరిపించరు.

ఈ వృత్తి ఇప్పుడున్న రూపానికి వచ్చిన క్రమం తెలిస్తే ఔత్సాహికుడి స్థానం మరికొంత స్పష్టమవుతుంది. 1839లో ఐరోపాలో లోకానికి వెల్లడైన ఫొటోగ్రఫీ కళ కొద్దికాలానికే భారతదేశానికి చేరినా, కుటుంబ చిత్రాల వాడుక చాలాకాలం సంస్థానాలకూ సంపన్నులకూ పరిమితమైంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియోను తెరిచి, దాని నిర్వహణను ఒక బ్రిటిష్ మహిళకు అప్పగించాడు. స్త్రీలను ఎవరు తీయాలి, ఎవరి ఎదుట తీయాలి అన్న ప్రశ్న తెలుగు ప్రాంతపు ఫొటోగ్రఫీలో అంత పాతది. దాని ఛాయలు నేటి పెళ్ళిళ్ళలో ఎలా కనిపిస్తాయో ముందు చూడవచ్చు.

ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశకాల్లో పట్టణాలకు స్టూడియోలు వచ్చి, పెళ్ళి ఫొటో మధ్యతరగతికి అందింది గాని, ఫిల్ము ఖరీదు దాని రూపాన్ని నిర్ణయించింది. మీడియం ఫార్మాట్ అని పిలిచే పెద్ద ఫిల్ము రోలులో చతురస్రాకారపు చిత్రాలైతే 12 మాత్రమే వచ్చేవి; 35 మిల్లీమీటర్ల రోలులో 36 వచ్చేవి. ఊటీలో 1960లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో దేశీయ ఫిల్మును అందించినా, ఒక్కొక్క చిత్రానికి అయ్యే ఖర్చు లెక్క చూసుకోవలసిందే. అందువల్ల ఆ కాలపు ఆల్బంలో ముఖ్య క్రతువులకు తలా ఒకటి రెండు చిత్రాలు, మిగిలినవన్నీ వరుసగా నిలబెట్టి తీసిన గ్రూపు ఫొటోలు ఉంటాయి. ఆ బిగుసుకున్న వరుసలను వెక్కిరించడం ఈ తరానికి అలవాటైంది. అయితే ఫలానా సంవత్సరంలో ఒక కుటుంబంలో ఎవరెవరు బతికి ఉన్నారు, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారు, ఎవరు రాలేదు అన్నది చెప్పగలిగే పత్రం ఆ వరుసే తప్ప, వెనుక దీపాల బొట్లు మసకగా మెరిసే నేటి ముఖచిత్రం కాదు.

వీడియో రాక, తర్వాత డిజిటల్ రాక ఆ పొదుపును చెరిపేశాయి. 2003లో కెనాన్ 300డి అన్న కెమెరా వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చి, లెన్సులు మార్చుకునే డిజిటల్ కెమెరాను ఔత్సాహికుల చేతికందించింది. 2008లో అదే సంస్థ తెచ్చిన 5డి మార్క్ 2 పూర్తి హెచ్‌డీ వీడియోను కూడా తీయగలగడంతో, పెళ్ళి వీడియో సినిమా పోకడలు పోవడం మొదలైంది. ఈ మార్పుల మధ్యనే తెలుగు పెళ్ళిళ్ళ విపణి పనిని రెండుగా చీల్చింది: వేదిక మీద ఒక్కొక్క అతిథినీ నిలబెట్టి, ఒక్కొక్క క్రతువునూ ఎదురుగా నిలిచి తీసేది ట్రెడిషనల్ అయింది, తెలియకుండా, పక్కనుంచి, హావభావాలను పట్టుకునేది క్యాండిడ్ అయింది. స్టూడియో ధరల పట్టికలో ఇవి రెండు వేర్వేరు పద్దులు, రెంటికీ వేర్వేరు మనుషులు, క్యాండిడ్‌కు ఎక్కువ ధర. ఈ చీలిక వ్యాపార సౌకర్యానికి పుట్టిందే గాని అందులో కళాసూత్రమేమీ లేదు. కాళ్ళు కడిగే వేళ తండ్రి ముఖం చూసి తీసినవాడు ఆ ఒక్క చిత్రంలోనే క్రతువునూ భావాన్నీ పట్టుకుంటాడు గనుక, ఔత్సాహికుడు ఈ విభజనను మనసులో పెట్టుకోకపోవడమే మంచిది.

క్రతువుకు వద్దాం. తెలుగు పెళ్ళిలో కుటుంబాన్ని బట్టి, కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి ఆచారాలు మారినా, సుముహూర్తానికి జీలకర్ర–బెల్లం పెట్టడం చాలా కుటుంబాల్లో కేంద్రస్థానంలో ఉంటుంది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకొని ఉండగా, నూరిన జీలకర్ర–బెల్లం ముద్దను ఒకరి తలపై ఒకరు ఉంచుతారు, తెర తొలగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఈ ఘట్టంలో ఎక్కడ నిలబడాలన్నదే ప్రశ్న. వరుడి భుజం మీదుగా వధువును తీస్తే ఒక ముఖమే దొరుకుతుంది. పైగా పెద్ద ద్వారంతో తీస్తే రెండో ముఖం మసకబారుతుంది. లెన్సులో వెలుతురు ప్రవేశించే రంధ్రాన్ని ద్వారమంటారు, ఎఫ్/1.8 వంటి చిన్న సంఖ్య పెద్ద ద్వారాన్ని సూచిస్తుంది. ద్వారం పెద్దదైనకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సరున్న కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు పెట్టి, ఎఫ్/1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే ఆ లోతు సుమారు 17 సెంటీమీటర్లు, ఎఫ్/4 దగ్గర సుమారు 38 సెంటీమీటర్లు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి ముఖాల మధ్య దూరం దీనికన్నా ఎక్కువే. అయితే తెర ఏ గీత మీద పట్టుకున్నారో ఆ గీతకు సరిగ్గా చివరన కెమెరా ఉంటే రెండు ముఖాలూ కెమెరాకు సమానదూరంలో పడతాయి, ఒకే ఫోకస్‌లో ఇద్దరూ స్పష్టమవుతారు. ఇంత సుళువైన పరిష్కారం ఏ లెన్సు ధరలోనూ దొరకదు. తెర ఎటు పడుతుందో ముందే తెలిసినవాడికి మాత్రమే దొరుకుతుంది.

మంగళసూత్రధారణ ఇంతకన్నా చిక్కైనది. వరుడు లేచి వధువు మీదికి వంగి మెడ వెనుక మూడు ముళ్ళు వేస్తాడు. పూలజడ అడ్డొస్తుందని అతని ఆడపడుచో మరొకరో దాన్ని ఎత్తిపట్టుకుంటారు. సరిగ్గా ఆ క్షణంలోనే పందిట్లోని జనమంతా లేచి అక్షింతలు వేయడానికి చేతులు ఎత్తుతారు. కింద నిలబడినవాడికి చేతులు, ఫోన్లు తప్ప మరేమీ కనిపించవు. సూత్రధారణకు ముందు మంగళసూత్రాలను పళ్ళెంలో ఉంచి పెద్దలందరి చేతా తాకించి ఆశీస్సులు తీసుకునే ఆచారం చాలాచోట్ల ఉంది, ఆ పళ్ళెం పందిట్లో తిరగడమే సిద్ధం కమ్మని చెప్పే మొదటి గుర్తు. రెండో గుర్తు చెవికి వినిపించేది: పురోహితుడు చేయెత్తి సైగచేయగానే మేళగాళ్ళు గట్టిమేళం అందుకుంటారు. చూపు కెమెరాలో ఉన్నవాడికి చెవే కాపలా కాస్తుంది కాబట్టి, మేళం తీరు మారడాన్ని గుర్తించగలిగినవాడు ముళ్ళ ఘట్టాన్ని చేజార్చుకోడు. ముందురోజు పురోహితుణ్ణి కలిసి, ఆ ఇంటి ఆచారంలో ఏది ముందు, ఏది వెనుక, ఎక్కడ నిలబడితే తనకు అడ్డు కాదు అని అడిగి తెలుసుకోవడం అన్ని యంత్రవిద్యల కన్నా విలువైన సన్నాహం. వేదిక తనది అన్నట్లు ఫొటోగ్రాఫర్లు వ్యవహరిస్తున్నారన్న ఫిర్యాదు పురోహితుల్లో ఉంది, అది చాలావరకు న్యాయమైనదే. మంత్రం ఆపి ఇటు చూడమనడం, వేసిన ముడిని మళ్ళీ వేసినట్లు నటించమనడం వంటివి ఔత్సాహికుడు నేర్చుకోకూడని విద్యలు.

తలంబ్రాలు ఇందుకు భిన్నంగా కెమెరాకు ఉదారంగా ఉంటాయి. నవ్వులు, పోటీలు, రెండు పక్షాల కేకలు, పదే పదే గాలిలోకి లేచే బియ్యం ఉంటాయి గనుక ఒక చిత్రం పోయినా మరొకటి వస్తుంది. ఎగిరే గింజలను విడివిడిగా నిలపాలంటే షట్టరు తెరిచి ఉండే కాలం సెకనులో 500వ వంతు లేదా అంతకన్నా తక్కువ కావాలి. ఫ్లాషుతో తీసేటప్పుడు చాలా కెమెరాల్లో షట్టరు వేగానికి సెకనులో 200వ లేదా 250వ వంతు దగ్గర హద్దు ఉంటుంది గాని, ఫ్లాషు మెరుపే అతి స్వల్పకాలం ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల వెలుతురు తక్కువగా ఉన్నచోట ఆ మెరుపే గింజలను నిలుపుతుంది.

సప్తపది విషయంలో తెలుగు ఆల్బంలు చేసే నిర్లక్ష్యం విచిత్రమైనది. హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షను ప్రకారం, ఆచారంలో సప్తపది భాగమైన పెళ్ళి, వధూవరులు అగ్ని ఎదుట ఏడో అడుగు వేయడంతో సంపూర్ణమవుతుంది, అప్పటినుంచి ఇద్దరికీ కట్టుబాటవుతుంది. ఆచారప్రకారం జరగవలసిన క్రతువులు జరగకుండా కేవలం ధ్రువపత్రంతో హిందూ వివాహం ఏర్పడదని 2024లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. అయినా తలంబ్రాలు ముగిసేసరికి అతిథులు భోజనాలకు కదులుతారు, కూలికి వచ్చిన బృందం విడిది గదిలోనో వంటశాల దగ్గరో కాస్త ఊపిరి తీసుకుంటుంది, ఏడడుగులు నలుగురి మధ్య నిశ్శబ్దంగా ముగిసిపోతాయి. ఇంటిమనిషి పనికివచ్చే చోటు ఇదే. కాళ్ళు, కొంగుముడి, హోమాగ్ని మూడూ ఒకే చట్రంలో పడేట్లు వంగి కూర్చొని తీసిన చిత్రం ఆల్బానికి అందాన్నీ, అవసరమైతే కాగితాలకు సాక్ష్యాన్నీ ఇస్తుంది. ఆ తర్వాత వచ్చే అరుంధతీ దర్శనంలో నక్షత్రం మాత్రం ఎప్పుడూ చిత్రంలో పడదు, పగటి ముహూర్తమైతే ఆకాశంలోనూ కనిపించదు; అక్కడ తీయవలసింది పురోహితుడు చూపిన దిక్కుకు, ఏమీ కనిపించకపోయినా కనిపించిందని తలూపే ఇద్దరి ముఖాలు.

కాంతి సమస్యలు చాలావరకు ఈ క్రతువులు ధరింపజేసే వస్త్రాల నుంచీ పూసే పసుపు నుంచీ పుడతాయి. కెమెరాలోని కాంతిమాపకం ఎదుట కనిపించేదంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అని భావించి లెక్క కడుతుంది. ఎర్రంచు తెల్లని మధుపర్కాలు కట్టుకున్న జంట చట్రం నిండా ఉంటే ఆ తెలుపును కూడా బూడిదగా మార్చాలని చూస్తుంది, ముఖాలు నల్లబడతాయి. అప్పుడు వెలుతురును ఒక స్టాపు మేరకు పెంచాలి, అంటే రెట్టింపు చేయాలి. ఎర్రటి పట్టుచీరతో సంగతి తలకిందులవుతుంది. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పాళ్ళుగా రంగును నమోదు చేస్తుంది, వాటిలో ఎరుపు పాలు ఒక్కటే నిండిపోయి జరీ గీతలూ మడతలూ కరిగి ఒకే ముద్దగా కనిపిస్తుంది కాబట్టి, అక్కడ వెలుతురును కొంత తగ్గించి తీయాలి. పసుపు పూసిన ముఖం మీద పచ్చని దీపాలు పడితే, తెలుపును తెలుపుగా చూపడానికి కెమెరా తనంతట తాను చేసే సవరణ, అనగా వైట్ బ్యాలెన్స్, పొరపడుతుంది. అది పసుపును దీపపు దోషంగా భావించి తీసేస్తుంది, పెళ్ళికూతురి ముఖం పాలిపోతుంది. పసుపు నలుగులో పసుపు పోయిన చిత్రానికి అర్థమే లేదు గనుక వైట్ బ్యాలెన్సును చేత్తో నిర్ణయించి, చిత్రాలను రా ఫైళ్ళుగా, అంటే సెన్సరు నమోదు చేసినదంతా సవరించని రూపంలో దాచుకోవడం మంచిది.

ఫంక్షన్ హాళ్ళలో దీపాల కలగాపులగం వేరొక చిక్కు. వీడియో బృందం తెచ్చిన ఎల్‌ఈడీ ప్యానెళ్ళు పగటి వెలుతురు రంగులో, కప్పుకు ఉన్న పాత బల్బులు పసుపు రంగులో, వెనుక అలంకరణ దీపాలు ఊదా, నీలం రంగుల్లో ఒకేసారి పడతాయి. ముఖం మీద ఏ దీపం ఎక్కువగా పడుతోందో దానికి రంగు సరిచూసుకొని మిగిలినవాటిని వదిలేయడమే దారి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తుల్లో వస్తుంది కాబట్టి చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కన్ను పట్టుకోని ఆ మినుకును కెమెరా పట్టుకొని, ఒక చిత్రం వెలుగుగా, మరుసటి చిత్రం మసకగా ఇస్తుంది. షట్టరును సెకనులో 50వ లేదా 100వ వంతు దగ్గర ఉంచితే చాలావరకు ఈ తేడా సర్దుకుంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టరు మంత్రాల మధ్య ఎంతో మర్యాదగా పనిచేసినా, ఎక్కువ మోడళ్ళలో అది చిత్రాన్ని వరుస వరుసగా చదువుతుంది గనుక ఇటువంటి దీపాల కింద అడ్డంగా చారలు పడతాయి, వాడేముందు పరీక్షించి చూసుకోవాలి.

ఫ్లాషును ఎదుటివారి ముఖంలోకి నేరుగా కొట్టకుండా కప్పుకు కొట్టి, అక్కడినుంచి పరావర్తనం చెందిన మెత్తని వెలుతురును వాడుకోవడం ప్రతి పాఠంలోనూ ఉంటుంది. తెల్లని, తక్కువ ఎత్తున్న కప్పుకు అది నిజం. ఎర్ర షామియానా కిందనైతే అందరి ముఖాలూ ఎర్రబడతాయి, ముప్పై అడుగుల ఎత్తున్న కన్వెన్షన్ హాల్లో ఆ వెలుతురు తిరిగి రానే రాదు. హోమధూమం కమ్ముకున్నప్పుడు నేరు ఫ్లాషు పొగనే వెలిగించి చిత్రాన్ని తెల్లని తెరగా మారుస్తుంది. అదే పొగను పక్కనుంచో వెనుకనుంచో వచ్చే కిటికీ వెలుతురులో తీస్తే కిరణాలు గీతలు కట్టినట్లు కనిపిస్తాయి. తాటాకు పందిరి, అరుగు, పెరటి వెలుతురు ఉన్న ఇంటి పెళ్ళి ఇందువల్లనే ఔత్సాహికుడికి సులువు. అన్నవరం కొండ మీద, ద్వారకా తిరుమలలో, యాదగిరిగుట్ట పరిసరాల్లో పగటిపూట జరిగే పెళ్ళిళ్ళు కూడా అంతే, ఆలయం లోపల కెమెరాకు అనుమతి ఉండదన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు. అమెరికా వంటి దేశాల్లోని తెలుగు పెళ్ళిళ్ళలో హోటల్ హాళ్ళ అగ్నిభద్రతా నిబంధనల వల్ల హోమగుండం చిన్నదవుతుంది లేదా ఆరుబయటికి వెళ్తుంది, అక్కడ పొగ సమస్యే తలెత్తదు.

పరికరాల సంగతి త్వరగా తేల్చవచ్చు. ఒక మాదిరి కెమెరా, వేదికనంతా చూపే వెడల్పు లెన్సు ఒకటి, 50 లేదా 85 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, ఒక ఫ్లాషు ఉంటే పని జరుగుతుంది. ఖరీదైన లెన్సు కన్నా అదనపు బ్యాటరీలు, రెండు మెమరీ కార్డుల మీద ఒకేసారి రాసుకునే కెమెరా ఎక్కువ ఉపయోగం. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తానికి సాయంత్రం ఎదుర్కోలు నుంచే తీస్తూ వచ్చినవాడి బ్యాటరీ, ఓపిక రెండూ ఒకేసారి అయిపోవడం మామూలు.

కెమెరా పట్టినవాడి నడవడి గురించి కొంత ఎక్కువ చెప్పవలసి ఉంది. డబ్బు తీసుకొని వచ్చిన బృందం ఉన్నచోట, అతిథిగా వచ్చిన ఔత్సాహికుడు వారి చట్రంలోకి దూరకపోవడం, వారు నిలబెట్టిన గ్రూపును పక్కనుంచి పిలిచి చూపులను చెదరగొట్టకపోవడం కనీస మర్యాద. వారు చేయలేని పనులు వేరే ఉన్నాయి. ప్యాకేజీ ప్రకారం పనిచేసే బృందం వేదికను వదిలి పోలేదు. గాడిపొయ్యి దగ్గర వంటమేస్త్రీని, విడిదిలో నిద్రపోయిన పిల్లలను, పెళ్ళికొడుకు చెప్పులు దాచే మరదళ్ళను, కానుకల పద్దు రాసే మేనమామను తీసే తీరిక ఇంటిమనిషికే ఉంటుంది. ఇంతకన్నా లోతైన విషయం మరొకటుంది. ముత్తయిదువులే ముందుండవలసిన క్రతువుల్లో భర్తను పోగొట్టుకున్న స్త్రీలు అనేక కుటుంబాల్లో తమంతట తామే వెనక్కి జరుగుతారు, లేదా జరపబడతారు. వేదికనే తీసే కెమెరా ఆ ఆచారాన్ని యథాతథంగా ఆల్బంలోకి ఎక్కించి, పెళ్ళికూతుర్ని పెంచిన అమ్మమ్మ ఒక్క చిత్రంలోనూ లేని పెళ్ళి పుస్తకాన్ని తయారుచేస్తుంది. బయటివాడికి ఆ లోటు కనిపించదు, ఎవరు లేరో అతనికి తెలియదు గనుక. ఇంటిమనిషికి తెలుసు, మనవరాలిని ఆ మూలగదికి తీసుకువెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టి తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్త్రీలను తీసే విషయంలో దీన్‌దయాళ్ కాలపు ప్రశ్న నేటికీ మారు రూపాల్లో ఉంది. మంగళస్నానాలు, నలుగు, అలంకరణ గది వంటిచోట్ల స్త్రీ ఫొటోగ్రాఫరు ఉండటం కుటుంబాలకు ఊరట; మహిళా ఔత్సాహికులు ఈ రంగంలోకి రావడానికి అదొక వాకిలి, అయితే వారిని ఆ గదికే పరిమితం చేసి వేదికను మగవారికి వదిలే ధోరణిని స్టూడియోలు మానుకోలేదు. హైదరాబాదు ముస్లిం వివాహాల్లో పలుచోట్ల స్త్రీ పురుషుల భాగాలు వేరుగా ఉంటాయి. నికా సమయంలో ఖాజీ ఎదుట పురుషుల వైపు ఒక ఫొటోగ్రాఫరు, వధువు వైపు ఒక మహిళా ఫొటోగ్రాఫరు ఉండక తప్పదు, వధూవరులు అద్దంలో ఒకరినొకరు చూసుకునే ముచ్చట జరిపినచోట అది చాలా ఇరుకైన స్థలంలో, దగ్గరి బంధువుల నడుమ జరుగుతుంది. క్రైస్తవ వివాహాల్లో ప్రమాణాల వేళ ఫ్లాషు వాడవద్దనీ, బలిపీఠం వైపు రావద్దనీ కొన్ని చర్చిలు నియమం పెడతాయి. పాస్టరును ముందే అడిగి తెలుసుకుంటే గొడవ ఉండదు.

ఇంత క్లిష్టమైన ఘట్టాలను ఎవరి పెళ్ళీ పాడుచేయకుండా అభ్యసించడం ఎలాగన్న ప్రశ్నకు తెలుగు ఊళ్ళలో సిద్ధంగా ఉన్న జవాబు శ్రీరామనవమి. చలువపందిళ్ళ కింద వీధి వీధినా జరిగే సీతారాముల కల్యాణంలో జీలకర్ర–బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు దాదాపు అదే వరుసలో జరుగుతాయి, తెర ఉంటుంది, మేళం ఉంటుంది, తోసుకొచ్చే జనం ఉంటారు, మిట్టమధ్యాహ్నపు ఎండకూ పందిరి నీడకూ ఉన్న కఠినమైన తేడా కూడా ఉంటుంది. విగ్రహాలు కళ్ళు మూయవు గాని, పురోహితుడి చేతుల కదలికను, గట్టిమేళం సమయాన్ని, జనం చేతులు ఎత్తే క్షణాన్ని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠశాల లేదు.

తీసిన తర్వాతి పని ఔత్సాహికులు ఎక్కువగా తడబడేచోటు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఒక్కొక్క రా ఫైలు సుమారు 25 నుంచి 30 మెగాబైట్లు ఉంటుంది. రెండువేల చిత్రాలంటే 50 గిగాబైట్ల పైమాట. వాటిని వడకట్టకుండా పెన్‌డ్రైవులో పోసి ఇచ్చేస్తే ఎవరూ చూడరు. వంద నూటయాభై చిత్రాలను ఎంచి, వాటికి వరుస కట్టి, గ్రూపుల్లోని వారి పేర్లను ఫైలులోనే రాసి ఇవ్వడం మేలు. చర్మాన్ని తెల్లబరచి నునుపు చేసే సవరణను గిరాకీ కోరుతుంది గనుక స్టూడియోలు అలవాటు చేసుకున్నాయి. గిరాకీ లేని ఔత్సాహికుడు కూడా దాన్ని అనుకరించడం విచారకరం, చామనఛాయ వధువు తన ఆల్బంలో తనను తాను గుర్తుపట్టలేని స్థితి ఈ సవరణ వల్లే వచ్చింది. నిల్వ విషయంలో అసలు ప్రతి కాక మరో రెండు ప్రతులు ఉంచి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండేట్లు చూడాలి. యాభై ఏళ్ళనాటి నలుపు–తెలుపు ప్రింట్లు ఇంకా చూడదగినట్లు ఉండగా, ఎనభైల నాటి వీడియో క్యాసెట్లు బూజుపట్టి, ఆడించే యంత్రాలూ కనుమరుగైన అనుభవం తెలుగు ఇళ్ళకు కొత్త కాదు. కాగితం మీద కొన్ని చిత్రాలైనా అచ్చువేయించడం అందుకే అవసరం.

చివరికి హక్కుల ప్రశ్న. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం తీసుకొని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేనంతవరకు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. స్టూడియోలు తమ ప్రచారానికి వధూవరుల చిత్రాలను వాడుకోవడానికి ఒప్పందంలో ఒక వాక్యం చేర్చుకోవడం ఇందుకే. ప్రతిఫలం లేకుండా, ఎవరూ నియమించకుండా అతిథిగా తీసిన ఔత్సాహికుడి సంగతి వేరు. ఆ చిత్రాలకు మొదటి హక్కుదారు అతడే, 2012 సవరణ తర్వాత ఆ హక్కు అతని జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. అయితే చిత్రం మీద కాపీరైట్ ఉండటం వేరు, అందులోని మనుషుల ఏకాంతాన్ని బజారులో పెట్టే స్వేచ్ఛ ఉండటం వేరు. అప్పగింతల్లో ఏడ్చిన తల్లి ముఖాన్ని, నలుగు స్నానపు దృశ్యాన్ని, పిల్లల ఫొటోలను జంట అనుమతి లేకుండా, వాళ్ళకన్నా ముందుగా సామాజిక మాధ్యమాల్లో పెట్టడం చట్టం సంగతి ఎలా ఉన్నా బంధుత్వాన్ని చెరిపే పని. డబ్బు తీసుకోవడం మొదలుపెట్టిన రోజున లెక్కలన్నీ మారతాయి: హక్కు తీయించుకున్నవారికి పోతుంది, గడువు వస్తుంది, బంధువు గిరాకీగా మారతాడు. డ్రోన్ నిబంధనలు, 2021 ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోనుకూ, వ్యాపారేతర వాడకంలో రెండు కిలోల లోపు మైక్రో డ్రోనుకూ రిమోట్ పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. అదే మైక్రో డ్రోనును డబ్బు తీసుకొని బరాత్ మీద ఎగరేస్తే మాత్రం అది కావాలి, జనం నెత్తిమీద ఎగరేయడమన్నది ధ్రువపత్రం ఉన్నా లేకపోయినా చేయకూడనిదే. అందువల్ల మొదటి కొన్ని పెళ్ళిళ్ళను కానుకగా తీసి ఇచ్చి, డబ్బు మాట వచ్చినప్పుడు ఎన్ని చిత్రాలు, ఎన్ని రోజుల్లో, ప్రచారానికి వాడుకోవచ్చా లేదా అన్న మూడు సంగతులను దగ్గరి చుట్టమైనా సరే కాగితం మీద రాసుకోవడం రెండు పక్షాలకూ క్షేమం.